కారు హీటెక్కితే హెడ్ దించాల్సిందేనా?

ప్రశ్న: బాబూ, మాది రాజోలు దాటాక మలికిపురం పక్క పల్లె. హైస్కూల్లో చెప్పి రిటైరైన మాస్టారిని. 2010 మోడల్ పెట్రోలు శాంట్రో ఉంది, లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. ఆర్సీకి 15 ఏళ్లు నిండితే ఈమధ్యే మరో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను. ఇప్పుడొక తలనొప్పి పట్టుకుంది. పాలకొల్లులో రైలు గేటు పడి, ఏసీ వేసి ఉంటే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది. గేటు తీశాక నాలుగు నిమిషాలు నడిపితే దిగిపోతోంది. వారానికి అర లీటరు పైనే నీళ్లు పోస్తున్నాను, ఇంట్లో బోరు నీళ్లే. కింద ఎక్కడా కారిన గుర్తు లేదు. ఒక మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు తీసేసి "మన ఎండలకి ఇది అక్కర్లేదండీ" అన్నాడు. ఇంకొకాయన హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి, 38 వేలు అవుతుందన్నాడు. మా అబ్బాయి అమ్మేయమంటున్నాడు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాస్త నీలం పొగ వస్తోంది, మైలేజీ కూడా తగ్గింది. వచ్చే నెల అన్నవరంలో వ్రతం పెట్టుకున్నాం. ఐదుగురం ఏసీ వేసుకుని వెళ్లగలమా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ 38 వేలు బ్యాంకులోనే ఉంచండి. హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకీ దాని మీద కూర్చునే హెడ్‌కీ మధ్య బిగించే పట్టీ, పోలేదని నేనిక్కడ కూర్చుని చెప్పలేను, పోయి ఉండొచ్చు కూడా. కానీ పోయిందని చెప్పినాయన ఏం చూసి చెప్పాడో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. స్పార్క్ ప్లగ్గులు విప్పాడా, రేడియేటర్ మూత తీసి బుడగలు చూశాడా, ప్రెషర్ కట్టి చూశాడా? స్టెప్పులు రాయకుండా అడుగున జవాబు మాత్రం రాసిన కుర్రాడికి మీరు మార్కులు వేసేవారు కాదు కదా, ఈయనకీ వేయకండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు పట్టుకున్నవి రెండు మాటలు. గేటు దగ్గర లేస్తుంది, నడిస్తే దిగుతుంది అన్నారు, అదొకటి. బోరు నీళ్లే పోస్తున్నాను అన్నారు, అది రెండోది. ఇవి ఒకే జబ్బు కానక్కర్లేదు, నాకైతే రెండు వేరువేరు జబ్బుల్లా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, అందుకే ఒక్కో మెకానిక్‌కి ఒక్కో రకంగా కనపడుతోంది.

మొదటిదాని సంగతి చూద్దాం. బండి నడుస్తున్నంతసేపూ ఎదురుగాలి దానంతటదే రేడియేటర్‌లోకి దూరుతుంది. గేటు దగ్గర ఆగితే ఆ గాలి పోయింది, ఇక ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ఏసీ కూడా వేశారంటే రేడియేటర్ ముందు నిలబడి ఉండే కండెన్సర్ తన వేడి కూడా దాని నెత్తినే పోస్తుంది. అంచేత ఆగినప్పుడు లేచి, నడిచినప్పుడు దిగే ముల్లు ముందుగా చూపించేది ఫ్యాన్ వైపు, గాలి వెళ్లే దారి వైపు. అదే హైవే మీద ఎనభైలో వెళ్తుంటేనో, చించినాడ వంతెన ఎక్కుతుంటేనో లేస్తే అప్పుడు రేడియేటర్ లోపల చోక్ అయిందనో, వాటర్ పంప్ సరిగ్గా తోయడం లేదనో, నీళ్లే తక్కువున్నాయనో అనుకోవాలి. మన డెల్టాలో ఎత్తు అంటే వంతెన తప్ప ఇంకోటి లేదు కాబట్టి ఇంజన్ అసలు బలం, బలహీనత ఇక్కడ బయటపడవు, అది అన్నవరం కొండ దగ్గర బయటపడుతుంది. దానికి తర్వాత వస్తాను.

ఫ్యాన్ పరీక్ష మీరే చేసుకోవచ్చు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి, ఏసీ వేయండి. నిమిషంలోపు ఫ్యాన్ తిరగాలి. తర్వాత ఏసీ ఆపేసి బండిని అలాగే స్టార్టింగ్‌లో వదిలేయండి, మధ్యకి ముల్లు వచ్చాక కాసేపటికి ఫ్యాన్ దానంతటదే ఆన్ అయి, ఆగి, మళ్లీ ఆన్ అవుతూ ఉండాలి. చేతులూ పంచె కొంగూ దూరంగా ఉంచండి, అది చెప్పి తిరగదు. తిరగలేదంటే ఫ్యూజు, తర్వాత రిలే, తర్వాత వైర్లు, సెన్సారు, చివర్లో మోటారు, ఈ వరసలో చూడమనండి, ఎందుకంటే ఖర్చు కూడా ఇంచుమించు ఇదే వరసలో పెరుగుతుంది. తిరుగుతోంది కదా అని వదిలేయకూడదు కూడా. పదిహేనేళ్ల మోటారులో కార్బన్ బ్రష్షులు అరిగిపోయి తిరగడం తిరుగుతుంది గానీ గాలి లాగదు. ఒక న్యూస్‌పేపర్ ముక్క గ్రిల్ ముందు పెట్టండి, రేడియేటర్ దాన్ని లాక్కుని అంటించుకోవాలి.

ఈ కాగితం పరీక్ష నేను నేర్చుకున్న తీరు చెబితే నవ్వుతారు. పాతికేళ్లు షెడ్డు నడిపినవాణ్ణి, నా సొంత బండి హీటెక్కుతోంటే నా చేతులతో నేనే హెడ్ దించాను. గ్యాస్కెట్ మార్చాను, హెడ్ లేత్‌కి పంపి ఫేసింగ్ కొట్టించాను, అంటే అడుగు చదును చేయించాను, అన్నీ బిగించాక మళ్లీ అదే హీటు. రేడియేటర్ మార్చాను. మళ్లీ అదే. ఆ ఏడు దసరాకి ఆయుధ పూజ చేస్తూ, బండి స్టార్ట్ చేసి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గ్రిల్‌లో రెండు అగరొత్తులు గుచ్చాను. ఆ పొగ లోపలికి పోవాలి కదా, తిన్నగా నా మొహం మీదకి కొట్టింది. అంతకు కొద్ది నెలల ముందు విజయవాడ ఆటోనగర్ నుంచి సెకండ్ హ్యాండ్ ఫ్యాన్ మోటారు తెచ్చి వేసింది నేనే, వైర్లు తిరగేసి కలిపిందీ నేనే. ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది, ఎదురుగాలితో కుస్తీ పడుతోంది. రెండు వైర్లు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. హెడ్ దించడానికి మూడు రోజులు పట్టింది. షెడ్డులో కుర్రాళ్లకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

గాలి దారి సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చూడాలి. సార్వా చేలు పొట్ట మీద ఉన్నప్పుడు సాయంత్రం పూట లైట్లు వేసుకుని వెళ్తే దోమ ఎలా ముసురుతుందో మీకు చెప్పక్కర్లేదు, అద్దం మీద పడినవి తుడుస్తాం గానీ గ్రిల్ లోపల పడినవి ఎవరూ తుడవరు. ఆపైన రోడ్ల మీద ధాన్యం ఆరబోసినప్పుడు లేచే పొట్టు, నూక దుమ్ము. ఇవన్నీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో చేరి, తడిసి, ఆరి, పిడకలా పట్టేస్తాయి. ముందు నుంచి టార్చి వేస్తే శుభ్రంగానే కనపడుతుంది, పైన బ్రాకెట్ విప్పి రేడియేటర్‌ని కొంచెం వెనక్కి వంచితే గానీ అసలు సరుకు బయటపడదు. కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్లతో కడగమనండి, సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్న రేకులన్నీ వంగిపోయి ఇంకా మూసుకుంటాయి. ఇక ఎలుకలు. కోతలయ్యాక చేలల్లోంచి ఇళ్ల మీదకి వస్తాయి, వెచ్చగా ఉంటుందని బానెట్ కింద కాపురం పెడతాయి, ఫ్యాన్ వైరో సెన్సార్ వైరో కొరుకుతాయి. మీ బండి వారానికి ఎన్నిసార్లు కదులుతుందో రాయలేదు, ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంటే వైర్లు తప్పకుండా వేలితో తడిమి చూడండి.

రెండోది, నీళ్లు. వారానికి అర లీటరంటే చిన్న విషయం కాదు, రేడియేటర్ వ్యవస్థ మూసి ఉన్న పాత్ర, అందులోంచి ఏళ్ల తరబడి చుక్క పోకూడదు. ఇంట్లో కుక్కర్ అనుకోండి. బయట నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి, కుక్కర్‌లో ఆవిరిని బిగించి ఉంచుతాం కాబట్టి దాదాపు 120 దాకా ఓర్చుకుంటాయి. రేడియేటర్ మూత చేసే పని కూడా అంతే, దాని మీద 0.9 అనో 1.1 అనో ఒక అంకె ఉంటుంది, అంత ప్రెషర్ దాకా పట్టి ఉంచుతుంది. కుక్కర్ మూత రబ్బరు గట్టిపడితే పక్కనుంచి ఆవిరి పోయి పప్పు ఉడకనట్టే, ఈ మూత రబ్బరు ఎండిపోతే ప్రెషర్ నిలవదు, నీళ్లు తక్కువ వేడికే మరిగి ఆవిరైపోతాయి. ఆ మూతలో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది, ఇంజన్ చల్లారాక పక్క బాటిల్‌లో ఉన్న నీళ్లని వెనక్కి పీల్చుకోవడానికి. అది పోతే బాటిల్ నిండుగా కనపడుతుంది, రేడియేటర్ ఖాళీగా ఉంటుంది, మనం బాటిల్ చూసి ధైర్యంగా ఉంటాం. పొద్దున్నే పై హోస్ పైపు చొట్టపడి కనపడితే ఆ వాల్వు మీదే అనుమానం. కొన్ని వందల్లో అయిపోయే వస్తువు, పదిహేనేళ్ల బండికి ఏమీ ఆలోచించకుండా మార్చేయదగ్గది ఇదొక్కటే. అదే అంకె ఉన్నది కొనండి, ఎక్కువ అంకెదైతే గట్టిది అనుకుని వేస్తే పాత పైపులు పగులుతాయి.

మూత గురించి ఇంకొక్క మాట, వేడి మీద ఎప్పుడూ తీయకండి. గుడ్డ వేసి తీస్తాను, నెమ్మదిగా తీస్తాను, ఇవన్నీ వద్దు. మొహం కాలినవాళ్లని నేను చూశాను.

బోరు నీళ్ల దగ్గరికి వద్దాం, నాకు నిజంగా బాధ కలిగించింది అదే. మీ వైపు సముద్రం దగ్గర, చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పు తగులుతుంది, ఆ నీళ్లతో స్నానానికి కాచిన కాగు లోపల తెల్లటి పెచ్చు ఎలా కడుతుందో మీరు రోజూ చూస్తున్నారు. కాగుని గీకి తోముకోవచ్చు, రేడియేటర్‌లో సన్న గొట్టాలు ఎవరు తోముతారు? పెచ్చు కడితే వేడి బయటికి పోదు. ఉప్పు ఇంకో పని కూడా చేస్తుంది, ఇంజన్ హెడ్డూ రేడియేటరూ అల్యూమినియం, దాన్ని తినేస్తుంది. పుల్లలతో గుచ్చినట్టు చిల్లులు పడతాయి. ఇంజన్ బ్లాకుకి పక్కన గుండ్రటి రేకు బిరడాలు కొన్ని ఉంటాయి, కోర్ ప్లగ్గులంటారు, అవి లోపలి నుంచి తుప్పు పట్టి ఒక్కోసారి వెనకవైపు, ఎవరికీ కనపడని చోట చెమర్చడం మొదలుపెడతాయి. అక్కడ నుంచి కారింది వేడి ఇంజన్ మీదే ఆవిరైపోతుంది, నేల దాకా రాదు. కాబట్టి కింద గుర్తు లేదంటే లీకు లేదని అర్థం చేసుకోకండి. కాలువ నీళ్లయితే మంచివి అనుకునేవాళ్లూ ఉన్నారు, వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలే ఆ మడ్డి నీళ్లు పోసి తెచ్చిన బళ్లు నా దగ్గరికి వచ్చాయి, రేడియేటర్ విప్పితే ఒండ్రు వచ్చింది, నారుమడి వేసుకోవచ్చు.

లీకు వెతకడానికి ఊహలు అక్కర్లేదు. రేడియేటర్ షాపులో ప్రెషర్ టెస్టర్ ఉంటుంది, సైకిల్ పంపులాంటిది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత స్థానంలో బిగించి, మూత మీద అంకె ఎంత ఉందో అంత దాకా కొట్టి, పది పదిహేను నిమిషాలు వదిలేస్తారు. ముల్లు దిగకపోతే చల్లగా ఉన్నప్పుడు లీకు లేనట్టే. దిగితే ఎక్కడో పోతోంది, అప్పుడు టార్చి తీసుకుని వాటర్ పంప్ కింద ఉండే చిన్న రంధ్రం, హోస్ పైపుల క్లిప్పులు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు, ఇవన్నీ చూడాలి. కారిన చోట తెల్లగానో తుప్పు రంగులోనో చార ఉంటుంది. ఎడమవైపు ముందు సీటు కింద కార్పెట్ కూడా ఎత్తి తడి చూడండి, డ్యాష్‌బోర్డు లోపల హీటర్ కోర్ కారితే నీళ్లు అక్కడికి చేరతాయి, మనం వానకి తడిసిందనుకుంటాం.

ఇప్పుడు గ్యాస్కెట్. అది పోయిందో లేదో తెలుసుకోవడానికి హెడ్ దించక్కర్లేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మూత తీసి, నీళ్లు అంచు దాకా నింపి, అప్పుడు స్టార్ట్ చేయండి. మొదట్లో కాసిని బుడగలు రావచ్చు, అది ఇరుక్కున్న గాలి. కానీ ఆగకుండా, ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా ఎక్కువవుతూ బుడగలు వస్తుంటే సిలిండర్‌లో మండిన గ్యాసు నీళ్లలోకి దూరుతోందని అనుమానించాలి. మూత పెట్టి స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, ఇంకా వేడెక్కకుండానే, పై హోస్ పైపు రాయిలా గట్టిపడినా అదే అనుమానం. ఒక నీలం రంగు ద్రవం దొరుకుతుంది, మూత దగ్గర ఆవిరిని దానిగుండా పీలిస్తే, మండిన గ్యాసు ఉంటే పసుపు పచ్చకి తిరుగుతుంది, మీ పాత కెమిస్ట్రీ ల్యాబు గుర్తొస్తుంది. నాలుగు ప్లగ్గులూ విప్పించి వరసగా పేపరు మీద పెట్టమనండి. మూడు గోధుమరంగులో ఉండి ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తున్నాయి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజు పెడితే పక్కపక్కనున్న రెండు సిలిండర్లు మాత్రమే బాగా తక్కువ చూపిస్తే మధ్యలో గ్యాస్కెట్ కాలినట్టు. ఇవేవీ లేకుండా హెడ్ దించమంటే ఒప్పుకోకండి.

ఆయిల్ మూత వెనక పాల టీ రంగు మడ్డి చూపించి భయపెడతారు, దాని సంగతి కూడా చెప్పాలి. ఆయిల్‌లో నీళ్లు కలిసినా అలా అవుతుంది నిజమే. కానీ మన గాలిలో తేమ ఎక్కువ, రాజోలు దాకా వెళ్లి కూరగాయలు తెచ్చుకుని ఆపేసే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, ఆ తేమ పోక మూత కింద కొంచెం మడ్డి కడుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. దాని మీద ఆయిల్ మామూలు రంగులో ఉండి మూత దగ్గర మాత్రమే మడ్డి ఉంటే తుడిచేసి, ఒక అరగంట హైవే మీద నడిపి మళ్లీ చూడండి.

థర్మోస్టాట్ తీసేసినాయన మీద మాత్రం నాకు కోపం వచ్చింది, ఆయన ఒక్కడే కాదు, మా తరం మెకానిక్కులం చాలామందిమి చేసిన పాపమే ఇది. అది చలి ప్రాంతాలకే కావాలనుకుంటారు. దాని పని ఇంజన్‌ని ఒక వేడి దగ్గర నిలబెట్టడం. చల్లగా ఉన్నంతసేపు రేడియేటర్ దారి మూసి ఉంచి, 80, 82 డిగ్రీల దగ్గర తెరవడం మొదలుపెడుతుంది. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచీ రేడియేటర్ చుట్టూ తిరుగుతుంటాయి, రోడ్డు మీద నడిచేటప్పుడు ఇంజన్ వేడెక్కడానికి చాలా టైమ్ పడుతుంది, సంక్రాంతి నెలలో పొద్దుటి మంచులో అయితే వేడెక్కనే ఎక్కదు. ఇంజన్ కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది. మీ మైలేజీ తగ్గడంలో పెద్ద వాటా దీనిదే అని నా అనుమానం. పోనీ హీటైనా తగ్గిందా అంటే గేటు దగ్గర మీ ముల్లు ఇంకా లేస్తూనే ఉంది. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వు తెరుచుకుంటూ పక్కదారిని మూస్తుంది, వాల్వే లేకపోతే కొన్ని నీళ్లు రేడియేటర్ దాకా వెళ్లకుండానే తిరిగి ఇంజన్‌లోకి వచ్చేస్తాయి, అలా తీసేయడం వల్లే హీటెక్కే బళ్లూ ఉన్నాయి. కొత్తది వేయించండి. పాతది పారేయకుండా ఉంటే దాని మీద డిగ్రీలు చెక్కి ఉంటాయి, అదే డిగ్రీది కొనండి. కొత్తది తెచ్చాక అమ్మగారు వంటింట్లో లేని టైమ్ చూసుకుని ఒక పాత గిన్నెలో నీళ్లు పెట్టి, దారం కట్టి వేలాడదీసి కాచండి, మరగడానికి ముందే నోరు తెరవాలి. తెరవకపోతే షాపులో తిరిగి ఇచ్చేయండి.

అన్నీ సరిచేశాక నీళ్లు మార్చడం. రేడియేటర్ కింద డ్రెయిన్ తీసి పాతవి వదిలేసి, హీటర్ నాబ్ ఫుల్ హాట్‌లో పెట్టి, డిస్టిల్డ్ వాటర్ నింపి, వేడెక్కేదాకా నడిపి, చల్లారాక మళ్లీ వదిలేయండి. తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు అయినా అవుతుంది. ఘాటు యాసిడ్ క్లీనర్లు వద్దు, పదిహేనేళ్ల తుప్పు ఒక్కోసారి చిల్లుకి బిరడాగా ఉంటుంది, దాన్ని కదిపితే కొత్త లీకులు. చివరికి కంపెనీ మాన్యువల్ చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. రంగు చూసి కొనకండి, ఆకుపచ్చా ఎరుపూ కంపెనీకో రకం, పాతదానితో కలపకండి. గాలి పోవడానికి ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉంటే మంచిది, ఎత్తెక్కడా లేదంటారా, గుమ్మం ముందు బండి ఎక్కించుకునే ర్యాంపు చాలు. పాత కూలెంట్ మాత్రం బోదెలోకీ చెరువు వైపుకీ వదలకండి, అది తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకుతాయి, పక్కన చేపల చెరువులున్న ఊళ్లు మనవి. దారిలో లీకైతే పసుపు వేయడం, గుడ్డు సొన వేయడం లారీవాళ్ల దగ్గర మనందరం చూసిందే, ఇల్లు చేరడానికి ఒకసారి పనికొస్తుంది, ఆ తర్వాత ఆ ముద్దంతా రేడియేటర్‌లో, హీటర్‌లో కూర్చుంటుంది.

ఒకవేళ పరీక్షల్లో గ్యాస్కెట్టే అని తేలితే, దించే ముందు మెకానిక్‌ని ఇవి అడగండి. హెడ్ వంగిందో లేదో చదును పట్టీ పెట్టి చూస్తారా, పగుళ్లకి ప్రెషర్ టెస్ట్ చేయిస్తారా, బోల్టులు ఎంత బలంతో బిగిసిందో కొలిచే టార్క్ రెంచితో మాన్యువల్ వరసలో బిగిస్తారా? చేత్తో అలవాటండీ అంటే ఇంకో షెడ్డు చూసుకోండి. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి హెడ్‌లో ఉండే ఇంజన్ వాల్వుల ఆయిల్ సీళ్లు కూడా అప్పుడే మార్పించండి, మీ పొద్దుటి నీలం పొగ బహుశా వాటిదే. ఎండిపోయిన సీళ్ల పక్కనుంచి రాత్రంతా ఆయిల్ చుక్కచుక్కగా దిగి పొద్దున్నే ఒక్కసారి మండుతుంది. రోజంతా, ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా నీలంగా వస్తే అది పిస్టన్ రింగుల దాకా వెళ్లినట్టు, మీరు రాసింది అలా లేదు. హెడ్ దించనక్కర్లేదని తేలితే ఆ పొగ కోసం మాత్రం దించకండి, వారానికోసారి డిప్‌స్టిక్ చూసి తగ్గిందంత పోసుకుంటే ఏళ్లు నడుస్తుంది. పొగ తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోయమంటారు, వినకండి.

మైలేజీలో ఇంకాస్త వాటా ఇప్పుడొస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుది, ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ, దానికి మీరూ నేనూ చేసేదేం లేదు. మీ బండి పుట్టేనాటికి ఆ పెట్రోలు లేదు కాబట్టి పెట్రోలు రబ్బరు పైపులు మాత్రం ఒకసారి వేలితో నొక్కి చూడమనండి, చీలికలుంటే మార్చేయండి. బండి వారాల తరబడి కదలనప్పుడు ట్యాంకు ఖాళీగా ఉంచకండి, అందులోని ఇథనాల్ తేమ పీలుస్తుంది.

మీరు అడగనిది ఒకటుంది, టైమింగ్ బెల్టు, ఇంజన్‌లో పిస్టన్లకీ వాల్వులకీ తాళం తప్పకుండా చూసే బెల్టు. దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో కాగితం దొరక్కపోతే మార్చనట్టే లెక్క. వాటర్ పంప్ చూడ్డానికి ఎలాగూ ఆ వైపు విప్పుతారు, అప్పుడే బెల్టూ టెన్షనరూ వేయించేయండి. అది నడుస్తూ తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగుతాయి, అప్పుడు 38 వేలు కూడా చాలవు.

అమ్మేయమంటున్న మీ అబ్బాయికి చెప్పండి, హీటెక్కే బండిని ఇప్పుడు అమ్మితే కొనేవాడు గ్యాస్కెట్ ఖర్చు మినహాయించుకునే బేరమాడతాడు, అది పోయినా పోకపోయినా. ముందు బాగుచేయించి, అప్పుడు కూడా మనసు అమ్మకం మీదే ఉంటే అమ్మండి. ఆర్సీ ఐదేళ్లకి ఉంది, బాడీ కింద తుప్పు ఎంతుందో గుంట మీద ఎక్కించి చూడండి, ఉప్పుగాలి ఊళ్లలో ఇంజన్ కంటే ముందు పోయేది అదే. నేల రేకులు గట్టిగా ఉంటే నేనైతే ఉంచుకుంటాను.

అన్నవరం సంగతి. ఈ ఆదివారం ఫ్యాన్ పరీక్ష, కాగితం పరీక్ష, బుడగలు, ఈ మూడూ మీరే చేయండి. సోమవారం మూత మార్చి, ప్రెషర్ టెస్ట్ చేయించండి, తేలినదాన్ని బట్టి మిగతావి. అన్నీ అయ్యాక ఏసీ వేసుకుని పాలకొల్లు దాకా వెళ్లి గేటు కోసం కావాలనే ఆగండి. తర్వాత రావులపాలెం దాకా ఒకసారి. రెండు వారాల్లో బాటిల్ మీద మీరు గీసుకున్న గీత నుంచి నీళ్లు కదలకపోతే ఐదుగురూ నిశ్చింతగా బయల్దేరండి. దారిలో ముల్లు మధ్య గీత దాటినట్టనిపిస్తే తటపటాయించకండి, చాలా బళ్లలో ఆ ముల్లు మధ్యలోనే నిలబడి ఉండి, బాగా ఆలస్యంగా కదులుతుంది. వెంటనే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా వేసి, అద్దాలు దించుకుని, పక్కకి తీసి ఆపేయండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, కొంత వేడి లాగుతుంది. ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించకండి, హెడ్ వంగేది, పగిలేది అప్పుడే. అరగంట ఆగండి, ఎవరెంత తొందరపెట్టినా.

అప్పటికి పని పూర్తి కాకపోయినా, మనసులో అనుమానం మిగిలినా, వ్రతం ఆపక్కర్లేదు. ఏసీ లేకుండా అన్నవరం దాకా నెమ్మదిగా వెళ్లి కారు కిందే పెట్టేయండి. కొండ మీదకి బస్సులు తిరుగుతూనే ఉంటాయి, ప్రసాదం తెచ్చుకోవడానికి చేతిసంచి చాలు. ప్లగ్గులు విప్పినప్పుడు నాలుగింటి రంగూ ఏ సిలిండర్‌ది ఏదో రాసి పంపండి, ఫోటో అయితే ఇంకా మంచిది.